పాత స్ప్లెండర్ ఇంజన్‌లో పేరుకున్న ఆయిల్ మడ్డి తీయడం ఎలా

ముందే చెప్తున్నా, ఇంజన్‌లో లీటరు డీజిల్ పోసి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు రేస్ ఇస్తే మడ్డి మొత్తం కడుక్కుపోతుందని ఎవరన్నా చెప్తే వినకండి. మన దిక్కు ఊళ్లలో బాగా నడిచే పద్ధతి ఇది. ఖర్చు తక్కువ, పైగా నల్లటి డీజిల్ కిందికి దిగుతుంటే పని అయినట్టే కనిపిస్తుంది. కానీ డీజిల్‌కు ఆయిల్‌కున్న జిగురు ఉండదు, ఇంజన్ తిరుగుతున్నప్పుడు బేరింగులకు, క్యామ్‌కు, పిస్టన్‌కు ఉండాల్సిన ఆయిల్ పొర తెగిపోతుంది. అంతకన్నా పెద్ద తంటా ఏంటంటే, ఏళ్ల తరబడి గోడలకు పట్టిన మడ్డి అంత తొందరగా కరగదు, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చు పోయి కింద ఆయిల్‌ను వడగట్టే జాలికి అడ్డం పడుతుంది, లేదంటే ఇంజన్ పై భాగమైన హెడ్‌కు ఆయిల్ ఎక్కే సన్న దారిలో ఇరుక్కుంటుంది. పై దాకా ఆయిల్ పోకపోతే అక్కడ వాల్వులను తెరిచే క్యామ్, రాకర్లు అరగడం ఎంతసేపు? కాబట్టి చేయి పోయినంత మేర మడ్డిని చేత్తోనే తీయాలి, చేయి పోని చోట కొత్త ఆయిల్‌తో మెల్లగా కదిలించాలి.

ఇక్కడ రాసేది పాత హీరో హోండా 100 సీసీ బండ్ల గురించి. సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఆ తర్వాతి ప్యాషన్, వీటి ఇంజన్ కుటుంబం ఒకటే. ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ లాంటివి టూ స్ట్రోక్ బండ్లు, వాటిలో ఇంజన్ ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలిపోతుంది, కింద ఉండేది గేర్ ఆయిలే కాబట్టి ఈ గొడవ లేదు. పాత బుల్లెట్ కథ పూర్తిగా వేరు, దాని ఆయిల్ దారులే వేరు.

మడ్డి ఎందుకు పడుతుందో కొంచెం తెలిస్తే పని సులువు. కాజీపేట నుంచి సుబేదారి దాకా, ఇంటి నుంచి పొలం దాకా, ఇట్లా చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆగిపోతుంది. లోపల పుట్టిన తేమ, కాలని పెట్రోల్ ఆవిరై బయటికి పోలేక ఆయిల్‌లోనే కలుస్తాయి. దానికి పొగ మసి తోడవుతుంది. ఈ బండ్లలో గేర్లకు, క్లచ్‌కు, ఇంజన్‌కు అన్నిటికీ ఒకటే ఆయిల్, అందుకే క్లచ్ ప్లేట్ల పొడి కూడా అందులోకే. ఇంకా ఎర్రమట్టి రోడ్ల దుమ్ము, భూపాలపల్లి, గోదావరిఖని వైపు అయితే బొగ్గు దుమ్ము, ఎయిర్ ఫిల్టర్ చిరిగి ఉంటే నేరుగా లోపలికే.

మీ బండిలో ఎంత ఉందో చూడాలంటే ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు వేలితో రాయండి. పల్చగా, గోధుమ రంగులో ఉంటే ఏం భయం లేదు, ఆయిల్ మార్చుకుంటే చాలు. నల్లగా, గ్రీజులా వేలికి అంటుకుని గీత పడితే మడ్డి ఉన్నట్టే. తెల్లటి నురగ కనిపిస్తే నీళ్లు చేరినట్టు. గాలితో చల్లబడే ఇంజన్ కదా, రేడియేటర్ నీళ్లు వచ్చే దారే లేదు. తేమ అన్నా అయ్యుండాలి, వరద నీళ్లన్నా అయ్యుండాలి. 2020 ఆగస్టు వరదల్లో హనుమకొండ నయీంనగర్ వైపు, 2023 జూలైలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిలో మునిగినట్టు మునిగిన బండి అయితే ముందు స్టార్ట్ చేయకుండా ఆయిల్ దించేయండి. రెండు మూడు సార్లు కొత్త ఆయిల్ పోసి దించినా తెల్లదనం పోకపోతే ఇంజన్ విప్పాల్సిందే.

ఇక పని. బండిని ఐదు నిమిషాలు నడిపి వేడి చేయండి, మరీ కాలేంత వద్దు. సెంటర్ స్టాండ్ వేసి, కింద పాత టబ్బు పెట్టి, 17 నంబర్ రింగు పానాతో డ్రెయిన్ బోల్టు విప్పండి. చేతికి గ్లవ్స్ ఉండాలి, వాడేసిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. పైన ఆయిల్ మూత కూడా తీస్తే తొందరగా దిగుతుంది. ధార ఆగాక కీ ఆఫ్‌లోనే ఉంచి నాలుగైదు కిక్కులు కొట్టి, ఇంకో పావుగంట వదిలేయండి. దిగిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూడండి, వెండి పొడి లాంటి మెరుపు బాగా ఉంటే, లేదా బోల్టుకు లోహపు రవ్వలు అంటుకొని వస్తే, అది మడ్డి సమస్య కాదు. లోపల ఏదో అరుగుతోంది. అప్పుడు శుభ్రం చేసి లాభం లేదు, మెకానిక్‌కు చూపించండి.

ఇప్పుడు అసలు జాగా. ఈ ఇంజన్లలో కారుకు ఉన్నట్టు పేపర్ ఫిల్టర్ ఉండదు. కుడివైపు క్లచ్ కవర్ లోపల క్రాంక్ చివర ఒక చిన్న గిన్నె ఉంటుంది, క్రాంక్‌తో పాటు అది కూడా గిరగిరా తిరుగుతుంది, ఆ వేగానికి ఆయిల్‌లోని బరువైన మురికి గోడకు కొట్టుకుని అక్కడే పేరుకుంటుంది. కవర్ విప్పితే తప్ప ఇది కనిపించదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ దీన్ని ఎవరూ తీయరు, చాలా బండ్లలో షోరూం నుంచి వచ్చినప్పటి నుంచి చూసినవాళ్లే ఉండరు. సర్వీసింగ్ అంటే బండికి నీళ్లు కొట్టి చైన్‌కు ఆయిల్ రాయడం అనుకునే చోట ఇంతకన్నా ఏం ఆశిస్తాం.

కిక్ రాడ్ తీయండి, క్లచ్ కేబుల్ వదులు చేసి తప్పించండి, ఫుట్‌రెస్ట్ రాడ్, సైలెన్సర్ అడ్డం వస్తే అవి కూడా. కవర్ బోల్టులు 8 నంబర్ టీ పానాకు వస్తాయి. అన్నీ ఒకే పొడవు ఉండవు, అందుకే ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడుగు బోల్టు పొట్టిదాని జాగాలో బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు, చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టండి, అదే వస్తుంది. లోపల చిన్న స్ప్రింగు లాంటిదేమన్నా జారితే ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే చూసుకోండి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీస్తే బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు.

గిన్నె మూతకు మూడు స్క్రూలు, గట్టిగా పట్టి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తల చెడగొట్టుకునే కన్నా సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చుకోండి. మూత తీస్తే గోడ వెంబడి పేడ అలికి ఆరబెట్టినట్టు మందంగా, బూడిద నలుపులో పట్టి ఉంటుంది. వెదురు పుల్లతో గీకితే పొరలు పొరలుగా వస్తుంది. నడుమ క్రాంక్‌లోకి ఆయిల్ పోయే బెజ్జం ఉంటుంది, గీకే ముందు దానికి చిన్న గుడ్డ ఉండ పెట్టండి, మురికి అందులోకి పోతే ఇంత పనీ వృథా. ఆ తర్వాత డీజిల్‌లో తడిపిన పాత కాటన్ బనీను గుడ్డతో తుడిచి, గుడ్డ ఉండ మర్చిపోకుండా తీసేయండి.

కింద చీలికలో ఉండే జాలిని లాగి తీయండి, ఏ అంచు లోపలికి ఉందో ముందు చూసి పెట్టుకోవాలి. డీజిల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వైర్ బ్రష్ వద్దు. చాంబర్ (ఇంజన్ కింది పెట్టె) అడుగున ఉన్న మడ్డిని వేళ్లతో, గుడ్డతో తోడేయండి. క్లచ్ ప్లేట్ల మీద డీజిల్, పెట్రోల్ పోయకండి. విడిగా వచ్చిన కవర్‌ను మాత్రం ఎంతైనా కడగొచ్చు, దాని ఆయిల్ దారుల్లో పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే సరి. పెట్రోల్‌తో కడిగేవాళ్లు దగ్గర్లో బీడీ కూడా ఉండకుండా చూసుకోవాలి, డీజిల్ చాలు అన్నది అందుకే.

కవర్‌కు, ఇంజన్‌కు నడుమ ఉండే పాత ప్యాకింగ్ ముక్కలు చెక్కపుల్లతో పూర్తిగా తీసి కొత్తది వేయండి, పాతదానికే గమ్ పూసి బిగిస్తే ఎక్కువైన గమ్ లోపల రాలి మళ్లీ జాలికే పోతుంది. బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి, కానీ పానాకు పైపు తొడిగి బిగించే బలం ఇక్కడ అక్కర్లేదు, చాంబర్ మరలు పోతే మళ్లీ అదో ఖర్చు.

మొదటిసారి ఖరీదైన సింథటిక్ పోయొద్దు, ఎలాగూ త్వరలో దించేదే. బాటిల్ మీద జేఏఎస్ఓ ఎంఏ (JASO MA, ఆయిల్‌లో తడిసి పనిచేసే క్లచ్ ఉన్న బండ్లకు సరిపడే ఆయిల్ గుర్తు) అని ఉన్న మామూలు మినరల్ ఆయిల్ చాలు. కారు ఆయిల్‌లో జారుడు పెంచే మందులు ఉండొచ్చు, క్లచ్ జారుతుంది. అదే కారణంతో ఇంజన్ లోపల కడగడానికి కార్ల కోసం అమ్మే ఫ్లష్ సీసాలు కూడా వద్దు. 900 మి.లీ. దగ్గర మొదలుపెట్టి బండి నిటారుగా ఉంచి డిప్‌స్టిక్‌తో (ఆయిల్ మూతకే ఉండే కొలత పుల్ల) చూడండి, డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. మూడు నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపి, కాసేపాగి మళ్లీ చూసి తక్కువుంటే పోయండి.

ఈ ఆయిల్‌తో రెండు వందల కిలోమీటర్లు మామూలుగా తిప్పండి, పరకాలో జనగామో పోయొస్తే ఇంకా మంచిది, ఇంజన్ పూర్తిగా వేడెక్కుతుంది. దించితే నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు, మురికిని కదిలించే మందులు కలిపిన కొత్త ఆయిల్ చేసే పనే అది. రెండోసారి పోసి ఐదు వందల దాకా నడపండి. మూడోసారి మీకు నచ్చిన మంచి ఆయిల్ పోసుకోండి. క్లచ్ కేబుల్ ఆట సరిచూసుకోవడం మర్చిపోవద్దు, కవర్ విప్పాక అది తప్పకుండా మారుతుంది.

దించిన ఆయిల్ మోరీలో, పొలం గట్టు మీద పోయకండి, క్యాన్‌లో పట్టి పాత ఆయిల్ డ్రమ్ము పెట్టుకునే సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేయండి. శుభ్రం చేశాక ఎక్కడన్నా సన్నగా లీకు మొదలైతే, అంతకుముందు మడ్డే అక్కడ సీలుగా పనిచేసిందని అర్థం, ఆ ఆయిల్ సీలు మార్చుకోండి. నీలం పొగ వస్తే మాత్రం పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్లు గానీ అరిగినట్టు, బోర్ (పిస్టన్ ఆడే గొట్టం) మెకానిక్‌కు చూపించాలి.