నోటిమాటతో ఒప్పుకున్న ఫ్రీలాన్స్ పనికి డబ్బు రాబట్టుకోవడం ఎలా?

సంతకం చేసిన కాగితం లేదు కాబట్టి నీకు ఏ హక్కూ లేదని క్లయింట్ అంటే నమ్మేయకండి. ఏ పని చెయ్యాలి, దానికి ఎంత ఇస్తారు అన్నవాటికి ఇద్దరూ ఇష్టపడి సరేననుకుంటే, భారత కాంట్రాక్టు చట్టం (1872) ప్రకారమైనా ఇంగ్లండ్ చట్టం ప్రకారమైనా నోటిమాట కూడా ఒప్పందమే. రేటు తేల్చుకోకుండా మొదలుపెట్టిన పనికి కూడా, వాళ్లు దాన్ని తీసుకుని వాడుకున్నారంటే, న్యాయమైన ప్రతిఫలం అడగొచ్చు.

అసలు చిక్కంతా రుజువు దగ్గరే. ఫోన్‌లో మీరొకటి అనుకున్నామంటారు, వాళ్లు ఇంకొకటి అంటారు, జడ్జి ఎవరిని నమ్మాలి? అందుకని ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి: "ఫోన్‌లో అనుకున్నట్టు ఐదు పేజీల డిజైన్, రెండుసార్లు మార్పులు, నెలాఖరుకి ఇస్తాను, మొత్తం ఇంత, సగం ముందుగా. ఇంతే కదా?" చివర్లో ఆ ప్రశ్న తప్పకుండా ఉండాలి, ఎందుకంటే జవాబుగా వచ్చే ఒక్క "ఓకే" మీకు కొండంత అండ. జవాబు రాకపోతే ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా లెక్కేసుకోలేం గానీ, ఆ తర్వాత వాళ్లు అడ్వాన్స్ వేసినా, ఫలానా చోట రంగు మార్చమని అడిగినా అవి మీకు పనికొస్తాయి. పని సగంలో ఉన్నా, పూర్తయిపోయినా ఈ మెసేజ్ పంపొచ్చు, మొహమాటపడకండి!

స్క్రీన్‌షాట్లు తీశాం కదా అని అసలు చాట్ డిలీట్ చెయ్యొద్దు. బ్యాంకు ఎంట్రీలు, పంపిన ఫైళ్లు, మెయిళ్లు అన్నీ దాచండి. చెప్పకుండా కాల్ రికార్డు చెయ్యడం మాత్రం కొన్నిచోట్ల నేరం, ముందు కనుక్కోండి.

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. కాపీరైట్ రాసివ్వడం నోటిమాటతో కుదరదు. భారత్ (1957), అమెరికా (1976), బ్రిటన్ (1988) చట్టాలు మూడూ దానికి సంతకంతో కూడిన రాత ఉండాలంటాయి. కొన్ని రకాల పనుల్లో హక్కు మొదటినుంచీ చేయించుకున్నవాళ్లదే అవుతుంది, అది చూసుకోండి. మీదే అయితే "మొత్తం డబ్బు అందాకే హక్కులు రాసిస్తాను" అని ముందే చెప్పేయండి.

రాత బాధ్యతను పని ఇచ్చేవాళ్ల మీదే పెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి.

గడువు మర్చిపోవద్దు. దావా వెయ్యడానికి భారత్‌లో మామూలుగా మూడేళ్లు, ఇంగ్లండ్‌లో ఆరేళ్లు. ఆలోపు వాళ్లు బాకీని రాతలో ఒప్పుకుని సంతకం పెడితే లెక్క మళ్లీ మొదలవుతుంది కాబట్టి "వచ్చే నెల ఇస్తాం" అన్న మాటని రాసి ఇమ్మనండి. అయినా ఇవ్వకపోతే ఇన్వాయిస్ నంబరు, మొత్తం, చెల్లించాల్సిన తేదీ వేసి నోటీసు పంపండి, తిట్లు మాత్రం రాయకండి, రేపు ఆ కాగితాన్ని జడ్జి కూడా చదువుతారు.