పాత ఫోన్ పంపేముందు సిమ్ ట్రే మీది నంబర్ నమ్మకండి

మేముండేది టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో. ఫోన్ బిల్లు నా పేరు మీద వస్తుంది. అందులో ఐదు లైన్లు: నేను, మా ఆవిడ, డెంటన్‌లో చదువుకుంటున్న బావమరిది, ఒకప్పటి రూమ్మేట్లు ఇద్దరు. ఫ్యామిలీ ప్లాన్ అంటారు గానీ, ఇక్కడి తెలుగువాళ్ళ ఫ్యామిలీ ప్లాన్‌లో ఫ్యామిలీ సగమే ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో ఐఫోన్ 16 వచ్చినప్పుడు మా ఫోన్ కంపెనీవాళ్ళు పాత ఫోన్ పంపితే కొత్తది ఉచితం అన్నారు. ఐదుగురిలో నలుగురం ఎగబడ్డాం. నాలుగు ఫోన్లలో మూడింటికి ఏదో ఒక పేచీ వచ్చింది. అవన్నీ తేల్చేసరికి ఫిబ్రవరి అయింది. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు ఆ "ఉచితం" సంగతి. మా లెక్క ఇలా ఉండేది: 830 డాలర్ల ఫోన్, నెలకు 23 డాలర్ల చొప్పున 36 నెలల వాయిదా. ప్రతి నెలా బిల్లులో ఆ 23 పడుతుంది, దాని కిందే క్రెడిట్ పేరుతో 23 తీసేస్తారు. సేల్స్ టాక్స్ మాత్రం పూర్తి ధర మీద మొదటి రోజే కట్టించుకున్నారు. మాకు ఇక్కడ 8.25 శాతం కాబట్టి ఫోన్‌కి 68 డాలర్ల చిల్లర. మధ్యలో ప్లాన్ తగ్గించుకున్నా, కంపెనీ మారినా క్రెడిట్ ఆగిపోతుంది, మిగిలిన వాయిదాలు మన నెత్తిన పడతాయి. స్నేహితుల్ని కలుపుకొని ప్లాన్ తీసుకున్నవాళ్ళు ఈ మాట ముందే అందరికీ చెప్పండి. ఎవడు మధ్యలో వెళ్ళిపోయినా ఆ బాకీ వచ్చేది ఖాతాదారు బిల్లులోకే.

ఆర్డర్ పెట్టిన రోజే ఆఫర్ పేజీని, ఆర్డర్ కన్ఫర్మేషన్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పేజీ నెల తర్వాత అక్కడ ఉండదు. షరతుల్లో రెండు విషయాలు వెతకండి. ఒకటి, ఏ కండిషన్‌లో ఉన్న ఫోన్ తీసుకుంటారు. కొన్ని ఆఫర్లలో అద్దం పగిలినా ఫర్వాలేదు, కొన్నిట్లో చిన్న గీత ఉన్నా రేటు పడిపోతుంది. రెండు, 30 రోజుల గడువు అని ఉంటే అది మనం పంపాల్సిన గడువా, వాళ్ళ చేతికి అందాల్సిన గడువా. ఎందుకంటే లిథియం బ్యాటరీ ఉన్న వాడిన ఫోన్లను అమెరికా పోస్టల్ వాళ్ళు విమానంలో పంపరు, రోడ్డు మార్గంలోనే పంపుతారు. లేబుల్ మీద "సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఓన్లీ" అని ఉండేది అందుకే. దేశం ఆ చివర గోడౌన్ ఉంటే వారం దాటొచ్చు. అలాగని కొత్త ఫోన్ వచ్చిన సాయంత్రమే పాతది పంపేయకండి. కనీసం వారం రోజులు రెండూ దగ్గరుంచుకోండి. ఏదో ఒకటి మర్చిపోయామని ఆ వారంలోనే బయటపడుతుంది.

మా ఇంట్లో అలా బయటపడింది ఇండియా సిమ్. మా ఆవిడకి బ్యాంకు ఓటీపీలన్నీ తెనాలి నంబర్‌కే వస్తాయి. ఆ సిమ్ ఆమె పాత ఐఫోన్ 12లో ఉండేది. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచీ సిమ్ ట్రేనే లేదు, అంతా ఈసిమ్, అంటే చేత్తో పెట్టే ముక్క లేకుండా ఫోన్‌లోపలే ఉండే సిమ్. కాబట్టి కొత్త ఫోన్‌లో ఆ సిమ్ పెట్టే చోటే లేదు. "ఏమండీ, మరి నా ఓటీపీలు?" అని అడిగేదాకా నాకు తట్టలేదు. ఇండియా వెళ్ళినప్పుడే ఈసిమ్‌గా మార్పించుకుని ఉంటే గొడవ లేకపోయేది. మేము చివరికి డ్రాయర్‌లో ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో పెట్టి, దాన్ని ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంచుతున్నాం. వాట్సాప్, ఆఫీసు లాగిన్‌కి వాడే అథెంటికేటర్ యాప్ కూడా కొత్త ఫోన్‌లో పనిచేస్తున్నాయని చూసుకున్నాకే పాతది చెరపండి. ఆపిల్ వాచ్ ఉంటే ముందు దాన్ని అన్‌పెయిర్ చేయండి.

ఇప్పుడు అసలు కథ. మా ముగ్గురి ఫోన్లనూ డైనింగ్ టేబుల్ మీద పరిచి, పిన్నుతో ట్రేలన్నీ బయటికి లాగి, ఉన్న సిమ్‌లు తీసి, ట్రేలు మళ్ళీ తోసేశాం. అందులో మా ఆవిడదీ, బావమరిదిదీ రెండూ నల్ల ఐఫోన్ 12లే. వారం తర్వాత కంపెనీవాళ్ళ కిట్లు వచ్చాయి. ఒక్కో దాంట్లో ఒక కవరు, ముందే డబ్బు కట్టిన లేబుల్, ఏ ఫోన్ పెట్టాలో చెప్పే ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్. అప్పటికే ఫోన్లన్నీ చెరిపేశాను, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూసే వీల్లేదు. ఐఫోన్ 12 సిమ్ ట్రే వెనక ఐఎంఈఐ చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటుంది. సెల్‌ఫోన్ టార్చి వేసి, కళ్ళు చికిలించి చదివాను. 4417తో ముగిసేది మా ఆవిడది, 9062తో ముగిసేది వాడిది. ఎంత తెలివి అనుకున్నాను. వారం కిందటే రెండు ట్రేలూ తారుమారయ్యాయని నాకేం తెలుసు? ఏ ట్రే అయినా ఏ ఐఫోన్ 12లోనైనా చక్కగా పట్టేస్తుంది.

ఐఎంఈఐ అంటే ఫోన్‌కుండే 15 అంకెల నంబర్. వాళ్ళకి కవర్ మీద పేరు అక్కర్లేదు, ఆ నంబర్ చాలు. అందుకని చెరపకముందే ప్రతి ఫోన్‌లో *#06# కొట్టి, వచ్చిన తెరను ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు కనిపిస్తాయి, రెండూ ఉంచుకోండి. ఆ తర్వాత ఫోన్ వెనక ఒక స్టిక్కర్ అంటించి, ఎవరిదో పేరు, చివరి నాలుగు అంకెలు పెన్నుతో రాయండి. నేను చేయాల్సిన పని ఇదే, చేయలేదు. ఒకవేళ చెరిపేశాక అనుమానం వస్తే, ఐఫోన్‌లో "హలో" అని వచ్చే తెర మీద చిన్న గుండ్రటి "ఐ" గుర్తు ఉంటుంది. అది నొక్కితే ఐఎంఈఐ చూపిస్తుంది. ట్రే మాట నమ్మకండి. రిపేర్ షాపులో ట్రే మార్చి ఉన్నా అదే తంటా.

చెరిపే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. ఐఫోన్‌లో "ఫైండ్ మై" ఆపకుండా పంపితే యాక్టివేషన్ లాక్ పడి (మన పాస్‌వర్డ్ లేనిదే ఫోన్ ఇంకెవరికీ పనిచేయదు), వాళ్ళు ఆ ఫోన్‌ని పనికిరానిదిగా లెక్కేస్తారు. "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" నొక్కినప్పుడు ఆపిల్ పాస్‌వర్డ్ అడిగితే అది కొట్టే ముందుకెళ్ళండి. ఆండ్రాయిడ్‌లో చెరపడానికి ముందే సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేయాలి, శాంసంగ్ అయితే శాంసంగ్ ఖాతా కూడా. లేకపోతే చెరిపేశాక కూడా పాత ఖాతా పాస్‌వర్డే అడుగుతుంది. న్యూజెర్సీలో ఉన్న మా పాత రూమ్మేట్ ఫోన్ తెర పగిలి టచ్ సరిగ్గా పనిచేయడం లేదని, లాక్ సంగతి చూడకుండా అలాగే పంపేశాడు. లాక్ ఉందని నాకు మెయిల్ వచ్చింది, ఎందుకంటే ఖాతాదారుని నేనే. వాడికి ఫోన్ చేస్తే, "ఇప్పుడు ఫోన్ నా దగ్గర లేదు కదరా" అన్నాడు. ఫోన్ చేతిలో లేకపోయినా ఫర్వాలేదు. కంప్యూటర్‌లో ఐక్లౌడ్‌లోకి వెళ్ళి, ఫైండ్ మైలో ఆ ఫోన్‌ని ఎంచుకుని, ముందు ఎరేజ్ చేసి, తర్వాత ఖాతాలోంచి తొలగిస్తే లాక్ పోతుంది. వాడిది ఆ రాత్రే తేలిపోయింది.

ప్యాకింగ్ గురించి చెప్పేదేం లేదు, బబుల్ షీటు చుట్టి పెట్టడమే. ఒక్కటి మాత్రం చూడండి: ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి మూలలు నొక్కితే ఊగుతుందా, తెర ఒక పక్క పైకి లేచిందా. లేస్తే బ్యాటరీ ఉబ్బినట్టు. దాన్ని పోస్టులో వేయకూడదు, నిప్పంటుకునే ప్రమాదం. కంపెనీ స్టోర్‌కి తీసుకెళ్ళి అడగండి. అసలు స్టోర్‌లోనే చేతికి చేతికి తీసుకునే వీలుంటే మంచి ఫోన్‌ని కూడా అక్కడే ఇచ్చేయడం మేలు. కౌంటర్‌లోనే చూసి, రేటు రాసి, కాగితం ఇస్తారు.

పోస్టులోనే పంపాల్సి వస్తే వీడియో తీయండి. రెండు నిమిషాలు చాలు, కానీ మధ్యలో ఆపకూడదు. తెర వెలిగి ఉన్న ఫోన్, ఆ "ఐ" గుర్తు నొక్కితే వచ్చే నంబర్, ముందు వెనక అద్దాలు, తర్వాత అదే ఫోన్ కవర్లోకి వెళ్ళడం, అంటించడం, చివరికి లేబుల్ మీది ట్రాకింగ్ నంబర్. ఫోన్ వాళ్ళ గోడౌన్‌కి చేరాక అద్దం పగిలి ఉందన్నా, కవర్ ఖాళీగా వచ్చిందన్నా మన దగ్గర ఉండేది ఇదొక్కటే. కిచెన్ తూకం ఉంటే అంటించిన కవర్‌ని దాని మీద పెట్టి అది కూడా వీడియోలో చూపించండి. ఐఫోన్ 12 ఒక్కటే 164 గ్రాములు ఉంటుంది, ఖాళీ కవర్ అంత తూగదు.

పోస్టు డబ్బాలో వేసి రాకండి. లేబుల్ ఏ సంస్థదైతే ఆ కౌంటర్‌కే వెళ్ళి, స్కాన్ చేయించి, రసీదు అడగండి. వెనక పదిమంది లైన్లో ఉన్నారని మొహమాటపడితే నష్టపోయేది మనమే. నేను రసీదులు తీసుకున్నాను, ఆ ఒక్కటీ సరిగ్గా చేశాను. ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని రాగానే స్క్రీన్‌షాట్ తీయండి. కొన్ని నెలలకు ఆ పేజీలో వివరాలు కనబడకుండా పోతాయి, మన గొడవ తేలడానికి మాత్రం అంతకన్నా ఎక్కువ పట్టొచ్చు.

ఇంతా చేసి నవంబర్‌లో రెండు మెయిళ్ళు వచ్చాయి. మీరు చెప్పిన ఫోన్ కాదు, వేరేది వచ్చింది, కాబట్టి 830 కాదు, మార్కెట్ రేటు 65 డాలర్లు ఇస్తాం అని. ఒక్కో ఫోన్‌కి అదే మాట. ఆ నెల బిల్లులో 46 డాలర్లు అదనంగా పడింది. చాట్‌లో ఏజెంట్ "ఒకటి రెండు బిల్లులు ఆగండి" అన్నాడు. ఆగాను. తర్వాతి ఏజెంట్ "పైకి పంపాను, పది పనిదినాలు" అన్నాడు. పది దినాల తర్వాత ఫోన్ చేస్తే అలాంటి టికెటే లేదన్నారు. ఇదే మీకూ జరిగితే రెండు పనులు చేయండి. చాట్ ముగిసేలోగా మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. ఫోన్ అయితే ఏజెంట్ పేరు, టికెట్ నంబర్, తేదీ రాసుకోండి. నోటిమాటకి మరుసటి నెల విలువుండదు.

నాకు దారి చూపించింది ఆ రెండు మెయిళ్ళే. మా ఆవిడ ఫోన్ గురించిన మెయిల్‌లో "మాకు అందిన ఫోన్" కింద 9062 ఉంది. బావమరిది దాంట్లో 4417 ఉంది. అంటే రెండు ఫోన్లూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, కవర్లు మాత్రమే మారాయి. ఇది అర్థమయ్యాక ఏజెంట్‌కి పెద్ద కథ చెప్పడం మానేశాను. ఒకే పేజీ రాశాను: రెండు ఆర్డర్ నంబర్లు, రెండు ట్రాకింగ్ నంబర్లు, ఏ నంబర్ రావాలి, ఏది వచ్చింది, తేదీలు, అడుగుతున్నది ఒక్క వాక్యంలో. "ఈ రెండు ఐఎంఈఐలను తిరగేసి జోడించండి, నవంబర్ నుంచి రావాల్సిన క్రెడిట్ వేయండి." కోపం ఎక్కడా పెట్టలేదు. రాసేటప్పుడు చాలానే వచ్చిందనుకోండి.

అది కూడా చాట్‌లో మునిగిపోయాక, జనవరిలో అదే పేజీని ఎఫ్‌సీసీ (ఇక్కడ ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఫిర్యాదుగా పెట్టాను. దీనికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఫిర్యాదును వాళ్ళు కంపెనీకి పంపుతారు, కంపెనీ 30 రోజుల్లోగా జవాబివ్వాలి. ఎఫ్‌సీసీ మన తరఫున తీర్పు చెప్పదు. కానీ ఆ ఫిర్యాదు చాట్ ఏజెంట్ దగ్గరికి కాకుండా, మార్చే అధికారం ఉన్న మనిషి బల్ల మీదికి వెళ్తుంది. పదకొండో రోజున ఒకావిడ ఫోన్ చేసింది. పావుగంటలో రెండు నంబర్లూ తిరగేసింది. ఫిబ్రవరి బిల్లులో నాలుగు నెలల 184 డాలర్లు ఒకేసారి పడ్డాయి. ముందు ఇచ్చిన 65లు వెనక్కి తీసుకున్నారు, అది న్యాయమే. మొదటి బిల్లు తప్పొచ్చినప్పుడే రాతపూర్వకంగా అడగండి, రెండో బిల్లుకీ సరికాకపోతే ఫిర్యాదు పెట్టేయండి. నాలా జనవరి దాకా ఆగనక్కర్లేదు.

నాలుగో ఫోన్ నాది, పాత శాంసంగ్, వెనక అద్దం బీటలు వారింది. ఏ కండిషన్ అయినా తీసుకునే ఆఫర్. పుసుక్కున అయిపోయింది, ఒక్క ప్రశ్న రాలేదు.

ఇప్పుడు ప్రతి నెలా బిల్లు రాగానే నాలుగు క్రెడిట్లూ ఉన్నాయో లేదో చూసి ఎక్సెల్‌లో టిక్కు పెడుతున్నాను. ఒక నెల ఏదో కారణం చేత ఒకటి పడకపోతే ఎవరూ మనకి చెప్పరు. మా బావమరిదికి ఉద్యోగం వచ్చింది, డెంటన్ నుంచి ఆస్టిన్‌కి మారాడు. మొన్న ఫోన్ చేసి, "బావా, ఇక్కడ వేరే కంపెనీ ప్లాన్ చవగ్గా ఉంది, మారిపోనా?" అన్నాడు.

"2027 అక్టోబర్ దాకా ఆ మాట ఎత్తకు" అన్నాను.