నెలల లెక్కలు కొన్ని లేనప్పుడు సంచిత అమ్మకాల చార్టు గీయడం

సంచిత మొత్తాల, అంటే ముందు నెలలవన్నీ కలుపుకుంటూ వచ్చే మొత్తాల, చార్టులో గీత ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే అసలు పని. చిక్కంతా ఖాళీ గళ్ల దగ్గరే వస్తుంది, ఎందుకంటే ఖాళీకి అర్థం ఒకటి కాదు. ఆ నెలలో ఏమీ అమ్ముడుపోకపోయి ఉండవచ్చు, అమ్మినా లెక్క ఇంకా చేతికి అందకపోయి ఉండవచ్చు, లేదా ఆ నెలే ఇంకా రాకపోయి ఉండవచ్చు. కనుక ఫార్ములా జోలికి పోకముందే ఒక నియమం పెట్టుకోవాలి: అమ్మకం నిజంగా లేని నెలకు సున్నా వేయాలి, లెక్క తెలియని నెలను, ఇంకా రాని నెలను ఖాళీగా వదలాలి.

ఎక్సెల్‌లో ఎ నిలువు వరుసలో జనవరి నుంచి డిసెంబరు వరకు నెలలు, వాటి పక్కన బి2 నుంచి బి13 వరకు అమ్మకాలు ఉన్నాయనుకుందాం. జనవరికి 40, ఫిబ్రవరికి 35, ఏప్రిల్‌కు 50, మేకు 45 అని వేసి ఉన్నాయి. మార్చి గడి, జూన్ నుంచి మిగిలిన గళ్లు ఖాళీ. సి2లో సమ్ ఫంక్షన్ రాసి, దాని పరిధిని బి2 నుంచి బి2 వరకు ఇచ్చి, మొదటి బి2లో అక్షరానికీ అంకెకూ ముందు డాలరు గుర్తులు పెట్టి, రెండవదాన్ని గుర్తులు లేకుండా వదిలి కిందికి లాగితే 40, 75, 75, 125, 170 వస్తాయి. ఆపైన డిసెంబరు దాకా 170 మాత్రమే వస్తుంది. ఏడు నెలల పాటు నేలబారుగా సాగే ఆ గీతను చూసినవారు అమ్మకాలు నిలిచిపోయాయనే అనుకుంటారు.

దీన్ని ఆపడానికి చాలామంది ఇఫ్ ఫంక్షన్ వాడి, ఖాళీ నెల ఎదురైతే ఏమీ లేని కొటేషన్ గుర్తుల జంటను ఫలితంగా ఇస్తారు. పట్టికలో అది ఖాళీగానే కనిపిస్తుంది కాని, ఎక్సెల్ దాన్ని అక్షరాల కిందే లెక్కగట్టి చార్టులో సున్నాగా గీస్తుంది. 170 దగ్గరున్న గీత అమాంతం అడుగుకు పడుతుంది. ఖాళీ గళ్ల సెట్టింగులో గ్యాప్స్ ఎంచుకున్నా మారదు, ఫార్ములా ఉన్న గడి ఖాళీ గడి కాదు గదా. అక్కడ ఇవ్వవలసింది ఎన్‌ఏ ఫంక్షన్, అది గడిలో ‘విలువ లేదు’ అనే దోషాన్ని చూపుతుంది. ఆ దోషం ఉన్న చోట చార్టు బిందువు పెట్టదు.

ఇఫ్‌లో ఏ షరతు పెట్టాలన్నది మరింత ఆలోచించవలసిన విషయం. ప్రస్తుత వరుస నుంచి 13వ వరుస వరకు అంకెలున్న గళ్లను కౌంట్ ఫంక్షన్‌తో లెక్కించి, ఒక్కటీ లేకపోతే ఎన్‌ఏ ఇవ్వమంటే గీత మే దగ్గర ఆగుతుంది, కాని మార్చిని సున్నాగా లెక్కించినట్టే. మార్చి లెక్క నిజంగా రాకపోతే, ఏప్రిల్ దగ్గర కనిపించే 125 అసలు మొత్తం కాదు, దానికి కనీస హద్దు మాత్రమే. అందుకే నేను మరో షరతు వాడతాను: బి2 నుంచి ప్రస్తుత వరుస వరకు కౌంట్ ఇచ్చే సంఖ్య, అదే పరిధికి రోస్ ఫంక్షన్ ఇచ్చే వరుసల సంఖ్య కంటే తక్కువైతే ఎన్‌ఏ, లేకపోతే సమ్. అప్పుడు గీత ఫిబ్రవరి దగ్గర 75తో ఆగుతుంది, మార్చి అంకె వేసిన క్షణాన దానంతటదే మే వరకు సాగుతుంది. అంతవరకు ఏప్రిల్, మే నెలలనూ చూపక తప్పదంటే, మొదటి షరతుతో వచ్చిన మొత్తాలను వేరే సిరీస్‌గా చుక్కల గీతలో వేసి, తాత్కాలికమని పేరు పెట్టడం మేలు.

అంకెలను విడి బిల్లుల నుంచి, షరతుకు సరిపోయేవాటినే కూడే సమ్‌ఇఫ్స్ ఫంక్షన్‌తో తెచ్చుకునేవారు ఇంకొకటి గమనించాలి. బిల్లులే లేని నెలకు ఆ ఫంక్షన్ సున్నా ఇస్తుంది కాబట్టి, తెలియని నెలకూ అమ్మకం లేని నెలకూ తేడా అక్కడే చెరిగిపోతుంది. ఏ నెల లెక్క అందిందో గుర్తు పెట్టే నిలువు వరుస ఒకటి చేతితో నింపి, షరతులో దాన్నే లెక్కించాలి.

పట్టికలో ఎన్‌ఏ దోషాలు కంటికి ఇబ్బందిగా ఉంటే, కండిషనల్ ఫార్మాటింగ్‌లో, ఆ దోషాన్ని గుర్తించే ఇజ్‌ఎన్‌ఏ నియమంతో ఆ అక్షరాలకు నేపథ్యపు రంగే వేయవచ్చు. దోషం బదులు వేరే విలువ ఇచ్చే ఇఫ్‌ఎర్రర్ ఫంక్షన్‌తో వాటిని ఖాళీ కొటేషన్లుగా మారిస్తే మాత్రం గీత మళ్లీ సున్నాకు పడుతుంది.