విటమిన్ ఇ వేశాం కదా అనుకోకండి: ఇంట్లో చేసే నూనెలకు, క్రీములకు వానాకాలం జాగ్రత్తలు

మా వీధిలో ఒకామె పోయిన వారం తల నిండా చీము పొక్కులతో చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లింది. కొబ్బరినూనెలో పచ్చి కలబంద గుజ్జు కలిపి, విటమిన్ ఇ క్యాప్సూల్స్ పిండి, సీసాలో పోసుకుని వారాల తరబడి రాసుకుంది. డాక్టరు ముందు ఆ నూనె ఆపమన్నారు. ఆమె మాత్రం "పాడవకుండా క్యాప్సూల్ వేశాను కదా" అంటోంది. ఇదే మాట నేను ఎంతోమంది నోట విన్నాను.

విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు, అంటే సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం కాదు. గాలి తగిలి నూనెకు పాత వాసన పట్టడాన్ని అది ఆలస్యం చేస్తుంది, అంతే. బాక్టీరియాను, బూజును ఏమీ చేయలేదు. అవి పెరగాలంటే నీళ్లు కావాలి. అందుకే తడి లేని ఒట్టి నూనెకు, మైనం కలిపిన బామ్‌కు విటమిన్ ఇ ఒక్కటే సరిపోతుంది. అదీ వంద గ్రాములకు అర గ్రాము లోపే.

మందార ఆకు, కరివేపాకు, గుంటగలగర వేసి కాచేవాళ్లు తడి మొత్తం ఇగిరేదాకా కాచాలి. కొంచెం పిప్పి తీసి వత్తిలా నలిపి, బాణలికి దూరంగా వెలిగించి చూడండి. చిటపటలాడితే ఇంకా నీరున్నట్టే. మన పాత వైద్యుల పరీక్ష ఇది, ఇప్పటికీ దీన్ని మించింది ఇంట్లో లేదు.

క్రీము, లోషన్ సంగతి వేరు. వాటిలో నీళ్లుంటాయి కాబట్టి అసలైన ప్రిజర్వేటివ్ తప్పదు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ వంద గ్రాములకు 1 గ్రాము మించకూడదు. ఒంటరిగా అది బూజు మీద అంత గట్టిగా పనిచేయదు, దానికి బలమిచ్చే ఇథైల్‌హెక్సైల్‌గ్లిసరిన్ కలిసినది కొనండి. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ అనే ప్రిజర్వేటివ్‌లు ఆమ్ల గుణం ఉన్నచోటే పనిచేస్తాయి. పీహెచ్ అంకె పెరిగేకొద్దీ ఆమ్ల గుణం తగ్గుతుంది, అది 5 దాటితే డబ్బులు దండగ.

ప్రిజర్వేటివ్‌కు చుక్కల లెక్క వద్దు, గ్రాముల్లో తూచండి. క్రీము గోరువెచ్చగా అయ్యాక దాన్ని కలపండి. టీట్రీ నూనె, లవంగ నూనె, వేపనూనె ప్రిజర్వేటివ్‌లు కావు. విటమిన్ ఇ కూడా కాదు, మళ్లీ చెబుతున్నాను. ఫ్రిజ్ సూక్ష్మజీవులను చంపదు. సీసా కడిగాక పూర్తిగా ఆరనివ్వండి. తడి వేళ్లు ముంచొద్దు. స్నానాల గదిలో స్క్రబ్ డబ్బా పెట్టొద్దు, అందులో నీళ్లు పడక మానవు. కాటుకలో పన్నీరు కలపొద్దు, కన్ను పోయే ప్రమాదం ఉంది. వాసన బాగుందని నమ్మొద్దు. బాక్టీరియా లక్షల్లో ఉన్నా కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. పచ్చి కలబంద, పాలు, పెరుగు కలిపింది ఏదైనా ఆ పూటకే. మిగిలితే పారబోయండి.