డాలస్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారికి: బ్యాకప్ రన్నింగ్ బ్యాక్ స్టార్టర్‌గా పనికొస్తాడో లేదో తెలుసుకోవడం

డాలస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ప్రాంతాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి సెప్టెంబరు నెల వచ్చేసరికి ఆఫీసు మాటల్లో ఒక మార్పు కనిపిస్తుంది. సోమవారం ఉదయం నలుగురు కలిసిన చోటల్లా ఆదివారం నాటి అమెరికన్ ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకుంటారు. కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోలో, స్టేడియం ఆర్లింగ్టన్‌లో ఉన్నాయి కనుక ఇక్కడివారికి అది ఇంటి విషయం. ఆ మాటల్లో దాదాపు ప్రతి ఏడాదీ వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఆ రెండో రన్నింగ్ బ్యాక్ బాగా ఆడుతున్నాడు కదా, మొదటి నుంచీ అతన్నే ఎందుకు దింపకూడదు?" మొదటి నుంచీ దిగేవాడిని స్టార్టర్ అని, అతని వెనుక వేచి ఉండేవాడిని బ్యాకప్ అని అంటారు. ఈ ప్రశ్నకు తొందరపడకుండా జవాబు వెతకడం నేర్చుకుంటే ఈ ఆట చాలా త్వరగా అర్థమవుతుందని, సహోద్యోగులతో సంభాషణ కూడా సులువవుతుందని నా నమ్మకం.

ఆట గురించి ఇక్కడ తెలియవలసినది కొంచెమే. దాడి చేసే జట్టుకు పది యార్డులు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి, ఒక్కొక్క అవకాశాన్ని డౌన్ అంటారు. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరవచ్చు, లేదా దాన్ని పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ చేతికి అందించవచ్చు. బంతి అందుకుని పరుగెత్తిన ప్రతిసారీ అతని లెక్కలో ఒక క్యారీ పడుతుంది. మొత్తం యార్డులను క్యారీలతో భాగిస్తే సగటు వస్తుంది. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్ఎల్‌లో ఈ సగటు నాలుగు యార్డులకు కాస్త పైన ఉంటుంది కనుక, అయిదు దాటినవాడిని చూడగానే అభిమానులకు ఆశ పుడుతుంది.

ఆ ఆశ ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి టోనీ పొలార్డ్ ఉదాహరణను మించినది ఈ ఊళ్లో లేదు. 2019 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) నాలుగో రౌండులో వచ్చిన అతను, 2016లో మొత్తం మీద నాలుగో ఆటగాడిగా ఎంపికైన ఎజెకియెల్ ఎలియట్ వెనుక బ్యాకప్‌గా ఆడాడు. 2021లో 130 క్యారీల్లో 719 యార్డులు, 2022లో 193 క్యారీల్లో 1,007 యార్డులు సాధించాడు, అంటే రెండేళ్లూ సగటు అయిదుకు పైనే. 2022 అక్టోబరు 30న ఎలియట్ గాయంతో ఆడనప్పుడు చికాగో బేర్స్ మీద 14 క్యారీల్లో 131 యార్డులు, మూడు టచ్‌డౌన్లు (బంతితో ఎదుటి గోల్ గీత దాటడం) సాధించాడు. ఆ తరువాత ఊరంతా ఒకే మాట అన్నా ఆశ్చర్యం లేదు. 2023 మార్చిలో జట్టు ఎలియట్‌ను వదులుకుంది, పొలార్డ్ స్టార్టర్ అయ్యాడు. ఆ సీజన్‌లో అతనికి 252 క్యారీలు దక్కాయి, వచ్చినవి 1,005 యార్డులు. దాదాపు అరవై క్యారీలు అదనంగా ఇచ్చినా మొత్తం యార్డులు పెరగలేదు, సగటు నాలుగుకు దిగింది.

ఈ తగ్గుదలకు కారణం ఒక్కటేనని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోవద్దు. 2023 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోతో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో అతని కాలి ఎముక విరిగింది, ఆ గాయం నుంచి కోలుకున్న వెంటనే వచ్చిన సీజన్ అది. అయినా బ్యాకప్‌గా ఉన్నప్పటి సగటును స్టార్టర్‌గా కూడా అలాగే ఆశించడం సరికాదన్నది మాత్రం నిలుస్తుంది. బ్యాకప్ తాజా కాళ్లతో మైదానంలోకి వస్తాడు. అప్పటికి ఎదుటి రక్షణ వరుస స్టార్టర్‌ను ఆపి ఆపి అలిసి ఉండవచ్చు. శిక్షకులు అతనికి బాగా నప్పే ఎత్తుగడలనే ఎంచి ఇస్తారు. గోల్ గీత ముందు ఒక్క యార్డు కోసం గుంపులోకి దూసుకుపోయే పని తరచుగా స్టార్టర్‌కే పడుతుంది, అక్కడ పని నెరవేరినా సగటు తగ్గుతుంది. 2022లో ఎలియట్ సగటు నాలుగు యార్డుల లోపే అయినా, పరుగుతో అతను సాధించిన టచ్‌డౌన్లు 12 అన్న సంగతి మరిచిపోతే ఇద్దరి మధ్య పోలిక న్యాయంగా ఉండదు. క్రికెట్ తెలిసినవారు దీన్ని సులువుగా గ్రహిస్తారు: చివరి మూడు ఓవర్లలో వచ్చి దంచినవాడి స్ట్రైక్ రేటు చూసి, రేపు కొత్త బంతి ముందు ఓపెనర్‌గా కూడా అంతే ఆడతాడని ఎవరూ అనరు.

అందువల్ల సగటు తగ్గుతుందా అని కాక, తగ్గి ఎక్కడ నిలుస్తుంది అని అడగాలి. మైకేల్ టర్నర్ నాలుగేళ్లు శాన్ డియేగోలో లాడేనియన్ టామ్లిన్సన్ వెనుక కూర్చున్నాడు. 2006లో 80 క్యారీల్లో 502 యార్డులు, అంటే ఆరుకు పైబడిన సగటు. 2008లో అట్లాంటా అతన్ని స్టార్టర్‌గా తీసుకుని 376 సార్లు బంతి ఇచ్చింది. సగటు నాలుగున్నరకు దిగింది, కానీ ఆ సీజన్‌లో అతను 1,699 యార్డులు, 17 టచ్‌డౌన్లు సాధించాడు. సగటు ఒక్కటే చూసేవాడికి అది వెనుకడుగు, ఆట చూసేవాడికి అట్లాంటా ఎంపిక సరైనదని చెప్పే రుజువు.

ఒక్క పెద్ద పరుగు చేసే మోసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఒకడు పది క్యారీల్లో అరవై యార్డులు సాధించాడనుకుందాం; సగటు ఆరు. అందులో ఒక్క పరుగే నలభై అయిదు యార్డులైతే మిగతా తొమ్మిదింటికి మిగిలేది పదిహేను యార్డులే, అంటే తక్కినసార్లు అతను జట్టును ఇబ్బందిలోనే వదిలాడు. కనుక అతి పొడవైన పరుగును పక్కన పెట్టి మళ్లీ లెక్కించే అలవాటు చేసుకోండి. ఈ పరీక్షకు నిలిచిన ఆటగాడు డెరిక్ హెన్రీ. టెనెసీలో మొదటి రెండేళ్లు డిమార్కో మర్రీ వెనుక ఆడి, మూడో ఏట కూడా డియాన్ లూయిస్‌తో పని పంచుకున్న అతను, 2018 డిసెంబరు 6న జాక్సన్‌విల్ మీద 17 క్యారీల్లో 238 యార్డులు సాధించాడు. అందులో ఒక పరుగు 99 యార్డులు. దాన్ని తీసేసినా పదహారు క్యారీల్లో 139 యార్డులు మిగులుతాయి. ఆ తరువాత 2020లో అతను 2,027 యార్డులు సాధించాడు.

పెద్ద పరుగుల కన్నా నమ్మదగిన కొలత నిలకడ. చాలామంది విశ్లేషకులు వాడే పద్ధతి ప్రకారం మొదటి డౌన్‌లో కావలసిన యార్డుల్లో నలభై శాతం, రెండో డౌన్‌లో అరవై శాతం, మూడు, నాలుగు డౌన్లలో పూర్తిగా సాధిస్తేనే ఆ పరుగు సఫలమైనట్టు. మొదటి డౌన్‌లో నాలుగు యార్డులు మంచి పని, మూడో డౌన్‌లో అయిదు కావలసినప్పుడు అదే నాలుగు వృథా. ఈ తేడా చూడగలిగిన రోజు నుంచి మీ అభిప్రాయాన్ని పక్కవాళ్లు శ్రద్ధగా వింటారు.

ఇక బంతి చేతిలో లేనప్పుడు చేసే పని ఉంది. నా దృష్టిలో చాలామంది బ్యాకప్‌లు బ్యాకప్‌లుగానే మిగిలిపోవడానికి అసలు కారణం ఇదే. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరబోతున్నప్పుడు ఎదుటి జట్టు అదనంగా ఒకరిద్దరిని అతని మీదికి పంపుతుంది. దీన్ని బ్లిట్జ్ అంటారు. వచ్చేవాడెవడో ఆట మొదలయ్యే లోపే పసిగట్టి, తన కన్నా బరువైనవాడికి ఎదురు నిలిచి ఆపడం రన్నింగ్ బ్యాక్ బాధ్యత. కబడ్డీలో కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చేవాడిని అందరూ పొగుడుతారు, కానీ పట్టుకు నిలబడలేనివాడిని మ్యాచ్ అంతా ఆడించడానికి ఏ శిక్షకుడైనా సందేహిస్తాడు. ఇక్కడా అంతే. మ్యాచ్ చూస్తున్నప్పుడు మూడో డౌన్‌లో క్వార్టర్‌బ్యాక్ పక్కన ఎవరు నిలబడ్డారో గమనించండి. శిక్షకులకు ఎవరి మీద నమ్మకం ఉందో అక్కడ తెలుస్తుంది. బంతి జారవిడవడం, అంటే ఫంబుల్, ఇదే కోవలోది; కొద్దిపాటి క్యారీల్లోనే పదేపదే జరిగితే ఏ సగటూ అతన్ని కాపాడలేదు.

స్టార్టర్ అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. లెక్కల ప్రకారం మొదటి ఎత్తుగడలో మైదానంలో ఉన్నవాడే స్టార్టర్, కానీ రోజంతా ఎవరు ఎక్కువసేపు ఆడారన్నదే అసలు విషయం. ప్రతి మ్యాచ్ తరువాత ఎవరు ఎన్ని స్నాప్‌లు ఆడారో, అంటే ఎన్ని ఎత్తుగడల్లో మైదానంలో ఉన్నారో ప్రకటిస్తారు, అది చూసి మాట్లాడండి. ఆగస్టులో జరిగే ప్రీసీజన్ మ్యాచ్‌ల ప్రతాపాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోవద్దు, అక్కడ ఎదుట ఉండేది కూడా బ్యాకప్‌లే. మీ పిల్లవాడు స్కూలు జట్టులో చేరి బెంచి మీద కూర్చుంటే మీకు ఇదే ప్రశ్న మరింత బాధతో ఎదురవుతుంది. అప్పుడు శుక్రవారం రాత్రి మ్యాచ్ దగ్గర కోచ్‌ను నిలదీయకుండా, తరువాత విడిగా కలిసి బ్లాకింగ్‌లో ఏం మెరుగుపడాలో అడగడం మేలు.

పని పెంచినప్పుడు నిలబడటం ఎలా ఉంటుందో 2024లో ఇదే ఊరు చూసింది. 2020 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని రికో డౌడల్, ఆ ఏడాది మొదట్లో మళ్లీ జట్టులోకి వచ్చిన ఎలియట్‌తో క్యారీలు పంచుకున్నాడు. థాంక్స్‌గివింగ్ నాడు జయంట్స్ మీద 22 క్యారీల్లో 112 యార్డులు, తరువాత సిన్సినాటి మీద 18 క్యారీల్లో 131, ఆపైన కరొలినా మీద 25 క్యారీల్లో 149 సాధించాడు. సీజన్ మొత్తానికి 235 క్యారీలు, 1,079 యార్డులు, సగటు నాలుగున్నరకు పైన. మూడు వారాలు వరుసగా బరువు మోసిన తీరు, ఒక్క ఆదివారం మెరుపు కన్నా ఎంతో ఎక్కువ చెబుతుంది.

మీ మొదటి సీజన్‌లో ఒక్క బ్యాకప్‌ను ఎంచుకుని ప్రతి వారం నాలుగు సంగతులు రాసుకోండి: ఎన్ని స్నాప్‌లు ఆడాడు, పొడవైన పరుగు తీసేస్తే సగటు ఎంత, మూడో డౌన్‌లో మైదానంలో ఉన్నాడా, బంతి జారవిడిచాడా. థాంక్స్‌గివింగ్ నాడు కౌబాయ్స్ ఎప్పటిలాగే సొంత మైదానంలో ఆడతారు. ఆ రోజు ఎవరైనా భోజనానికి పిలిస్తే, పది వారాలకు పైగా రాసుకున్న ఆ కాగితం మీ దగ్గర ఉంటుంది.