వర్క్‌షాప్‌లో స్విచ్ వేసే ముందు ఏం చూసుకోవాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి ఏడాది వాళ్లు వర్క్‌షాప్‌కి అలవాటు పడేలోపే అక్టోబరు, నవంబరు వానలు వచ్చిపడతాయి. నేల తడి, బూట్లు తడి. వానల్లేని రోజు చెమట. తడి ఒంట్లోకి కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి మొదటి చూపు నేల మీద, చేతుల మీద పెట్టండి.

1. ఒంటి మీద వేలాడేవన్నీ తీసేయండి. చున్నీ, చేతి దారాలు, కడియం, ఉంగరం, మెడలో ఐడీ కార్డు. కార్డు లేకపోతే గేటు దగ్గర ఆపే కాలేజీలు వర్క్‌షాప్ గుమ్మంలో దాన్ని తీయించవు, అదేం విచిత్రమో! మీరే తీసి జేబులో పెట్టుకోండి. జడ ముడేసి టోపీలోకి దోపాలి. చెప్పులు వద్దు.

2. లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మెషీన్), డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర గ్లవ్స్ వేసుకోకండి. వేసుకుంటేనే భద్రం అనుకుంటారు గానీ, తిరిగే భాగానికి గ్లవ్ అంచు చిక్కితే చేతిని కూడా లాగేస్తుంది. ముక్కనో డ్రిల్ బిట్‌నో పట్టి తిప్పే భాగం చక్, దాన్ని బిగించే తాళంచెవి చక్ కీ. ఈ కీ విషయంలో ఒకటే పట్టింపు: కీ మీది నుంచి చెయ్యి తీసేలోపే అది చక్‌లోంచి బయటికి రావాలి. మరిచిపోయి స్విచ్ వేస్తే కీ తూటాలా ఎగిరొస్తుంది. జాబ్ (మీరు పనిచేస్తున్న ముక్క) కొలవాలన్నా, చిప్స్ (చెక్కగా రాలిన లోహపు తునకలు) తీయాలన్నా మెషీన్ ఆగాకే. అదీ బ్రష్‌తో.

3. గ్రైండర్ ఆన్ చేసేటప్పుడు చక్రానికి ఎదురుగా కాక పక్కన నిలబడండి. పగుళ్లున్న చక్రమైతే అప్పుడే పగిలే అవకాశం ఎక్కువ. చక్రానికీ, జాబ్ ఆనించే రెస్టుకీ మధ్య సందు 3 మి.మీ. మించకూడదు, మించితే జాబ్ అందులోకి దూరి ఇరుక్కుంటుంది. రక్షణ కళ్లద్దాలు (గాగుల్స్) తప్పనిసరి.

4. ఫిట్టింగ్‌లో పిడి లేని ఫైలు (ఆకురాయి) పట్టకండి, పిడిలోకి దిగాల్సిన దాని మొన తోక అరచేతిలో దిగుతుంది.

5. వెల్డింగ్‌లో పక్కవాడిదీ కన్నే. షీల్డ్ లేకుండా ఆర్క్ వైపు చూస్తే అప్పుడేమీ తెలియదు, కొన్ని గంటల తర్వాత, ఏ రాత్రో హాస్టల్లో, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఆటోనగర్‌లో ఉత్త కళ్లతో చేసేవాళ్లను చూశామని ధైర్యపడొద్దు. నూలు బట్టలే వేసుకోండి, సింథటిక్ బట్ట నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. జింకు పూత ఉన్న రేకును వెల్డ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం రావచ్చు. గాలి ఆడే చోటే చేయండి.

6. వైరింగ్ బోర్డు ముట్టే ముందు మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో చూడండి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న పాయింటులో పరీక్షించుకోవాలి. తోటివాడికి షాక్ కొడితే చేత్తో లాగకండి, మెయిన్ ఆపండి. మెయిన్ ఎక్కడుందో మొదటి రోజే చూసిపెట్టుకుంటేనే అది కుదురుతుంది.

7. కాలితే 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు పూయొద్దు. కంట్లో లోహపు ముక్క దిగితే నలపకుండా, పీకకుండా, ఒత్తిడి పడకుండా పైన కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పెద్ద దెబ్బైతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు అంబులెన్సుకు దారి చూపడానికి గేటు దగ్గరికి వెళ్లాలి.