ఎండింది కూలీలా, మిర్చా?

గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసులో బయటి దేశాల మెయిళ్లు నేనే రాస్తాను. ఒకసారి ఇలా రాశా: ‘ఆఫ్టర్ డ్రయింగ్ ఇన్ ద సన్ ఫర్ టెన్ డేస్, అవర్ వర్కర్స్ ప్యాక్డ్ ద చిల్లీస్.’ కొనేవాడి జవాబు: ‘మీ కూలీలు కులాసానా?’

పదిసార్లు చదివినా తప్పు దొరకలేదు. దొరక్కపోవడానికి కారణం మన తెలుగే. ‘పది రోజులు ఎండాక మా కూలీలు తేజ రకం మిర్చిని టిక్కీలకు (బస్తాలకు) ఎత్తారు’ అంటే మనకు ఇబ్బంది లేదు. అదే ‘పది రోజులు ఎండలో ఎండి, మా కూలీలు...’ అనండి, నవ్వొస్తుంది. ఈ ‘ఎండి’ బడిలో బట్టీపట్టిన క్త్వార్థకం! రెండు పనులకూ కర్త ఒక్కడే ఉండాలి. ఇంగ్లిష్‌లో ముందొచ్చే ఆ ‘ఇంగ్’ ముక్క ‘ఎండాక’ లాంటిది కాదు, ‘ఎండి’ లాంటిది. కామా తర్వాత వచ్చే కర్తకే అతుక్కుంటుంది.

అందుకే ముక్కలోనే కర్తను పెట్టేశా: ‘ఆఫ్టర్ ద చిల్లీస్ హాడ్ డ్రైడ్ ఇన్ ద సన్ ఫర్ టెన్ డేస్, అవర్ వర్కర్స్ ప్యాక్డ్ దెమ్.’

కామా గొడవ చిన్నది. వాక్యం మొదట్లో ‘ఇన్ మార్చ్’ లాంటి పొట్టి ముక్కకు లేకపోయినా చెల్లుతుంది, పొడుగు ముక్కకు పెట్టాల్సిందే.

ఇప్పుడు పంపేముందు ప్రతి ‘ఇంగ్’నీ ‘ఎండి’, ‘చూసి’, ‘కొని’ అని తెలుగులో చదువుకుంటా. నవ్వొస్తే మళ్లీ రాస్తా. నిన్న రెండుసార్లు నవ్వాను.